మూడో సరస్సుకు దారి

మార్చి పద్నాలుగు అని ఆయనకు బాగా గుర్తు. ఆ సాయంత్రం తిన్నది అలాంటిది మరి. క్యారెట్లు, బఠాణీలు, బంగాళదుంపలు ఉడికించి, ఓవెన్లో సన్నటి వేడి మీద గలగలలాడేదాకా ఎండబెట్టి, మళ్ళీ నీళ్ళు పోసి ఉడికిస్తే వచ్చిన ముద్ద అది. అడవిలో వండుకోబోయే తిండిని ముందు ఇంట్లో తిని చూడాలన్నది వాళ్ళ గుంపు పద్ధతి. ఇంట్లో మింగుడుపడనిది కొండ మీద అసలే పడదు.

"అట్టముక్క నానబెట్టినట్టుంది," అన్నాడు బేకరీ అతను, రెండోసారి వడ్డించుకుంటూ.

"అట్టముక్క అయితే ఆ రెండో గరిటె దేనికో?" అంది వండిపెట్టిన ఆయన మరదలు.

"వండినావిడ మనసు కష్టపెట్టకూడదని."

"నా మనసు సంగతి నేను చూసుకుంటాను గానీ, మీరు ఆ గిన్నె కింద పెట్టండి. పెద్దాయనకి ఇంకా పెట్టలేదు."

పెద్దాయన అంటే ఆయనే. ముందు గదిలో కళ్ళజోళ్ళ షాపు, వెనక గదిలో ఆయన కాపురం. భార్య పోయాక ఆ వెనక గది మరీ పెద్దదైపోయింది. అందుకే ఎవరు ఎందుకు కూడుదామన్నా "మా గదిలో కూర్చుందాం" అనేవాడు. అద్దాలు అరగదీసే పొడుగుబల్ల మీద గుడ్డ తీసేసి మ్యాపు పరిచారు. అది చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు కళ్ళజోడు పెట్టెలు బరువు పెట్టారు.

మ్యాపులో మూడు సరస్సులు మూడు నీలపు చుక్కల్లా ఉన్నాయి. మొదటిదాకా దారి సుఖంగానే పోతుంది. రెండోదాని ఒడ్డున ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి తిండిసంచి రాత్రిళ్ళు చెట్టుకొమ్మకు ఎత్తున కట్టాలి. రెండోదానికీ మూడోదానికీ మధ్య నది. పై కొండల్లో మంచు కరిగి వచ్చే నీరు. తెల్లవారుజామున తగ్గి ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పొంగుతుంది. మూడో సరస్సులో నీటికుక్కలున్నాయి. ఒకదాన్నొకటి ఈలవేసి పిలుచుకుంటాయట. ఊళ్ళో సగంమందికి చూపు సరిచేసిన ఆయనకు, తన కళ్ళతో తాను చూడాలనుకున్నవి ఇంక పెద్దగా లేవు. ఆ నీటికుక్కలు మాత్రం మిగిలాయి.

"నాలుగు రోజులు. హాయిగా వెళ్ళొచ్చేస్తాం," అన్నాడు పళ్ళ డాక్టరు. మ్యాపు మీద చూపుడువేలు, బొటనవేలు కాళ్ళలా వేసి మూడు అంగల్లో కొండ దాటేశాడు.

"అయిదు పెట్టుకుందాం డాక్టరుగారూ," అంది డ్రైవరమ్మ.

ఆమె ఊరి బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఖాకీ చొక్కా ఇంకా మార్చుకోలేదు. చేతిలో తెల్లదారం. దాన్ని నాలికతో తడిపి, దారి ఎన్ని వంకరలు పోతే అన్ని వంకరలూ దానితో పాటు మ్యాపు మీద అంటిస్తోంది. చివరికి చేరాక దారం మెల్లగా ఎత్తి, స్కేలు పక్కన చాపింది. వేళ్ళ అంగల్లో చిన్నదిగా కనిపించిన దారి, దారం చాచేసరికి బల్ల అంచు దాటింది.

"అమ్మా యూటర్నూ, ఆ దారం చుట్టెయ్. అంత లెక్క చూస్తే ఇల్లు కదలం," అన్నాడు డాక్టరు.

బేకరీ అతను గుంపుకు కొత్త. "యూటర్న్ ఏంటి?" అన్నాడు.

"నీకు తెలీదు కదూ!" డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నిరుడు మా నాయకురాలు ఈవిడే. రెండో సరస్సు దాటాం. నది కింద లోయలో ఉంటుంది. దాటే చోటు చూసి రావడం నాయకుడి పని, మిగతావాళ్ళం గట్టు మీదే ఆగాలి. ఈవిడ దిగింది, చూసింది, ఎక్కింది. 'నీళ్ళు పొంగాయి, పదండి వెనక్కి' అంది. అంతే! ఆ వారమే ఇంకో గుంపు అక్కడే దాటి, నీటికుక్కల ఫొటోలు తెచ్చి మా మొహాన చూపించారు. మోకాళ్ళు కూడా తడవలేదట వాళ్ళకి."

"బస్సుని వెనక్కి తిప్పడం అలవాటైపోయింది కదండీ," అంది డ్రైవరమ్మ. అందరికంటే ముందు తనే నవ్వింది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూ ఆమె వంక చూస్తే, ఆమె దారాన్ని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది.

"ఈసారి నేను ముందుంటాను," అన్నాడు డాక్టరు. "అడవి చెక్‌పోస్టు వాళ్ళకి నాయకుడి పేరు గురువారం చెప్పాలి. ఆదివారం బరువులేసుకుని గుట్టెక్కి చూద్దాం. బుధవారం తేల్చేద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?"

బేకరీ అతను గిన్నె అడుగు గీకుతున్నాడు.

"మా డాక్టరుగారు అదృష్టవంతులు," అంది మరదలు గిన్నెలు ఎత్తుతూ. "ఆయన ముందు అందరూ నోరు తెరుచుకుని ఉంటారు గానీ ఒక్కరూ మారుమాట్లాడరు."

శనివారం సంచులు తూయడానికి బేకరీకి పోయారు. వెనక వైపు పిండిబస్తాలు తూచే పెద్ద కొక్కేపు కాటా ఉంది. పొయ్యి ఆర్పి చాలాసేపైనా గోడలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. నేలంతా పిండి, నడిచిన ప్రతివాళ్ళ బూటు అచ్చూ తెల్లగా పడుతోంది.

డాక్టరు సంచిలోంచి మడత కుర్చీ బయటపడింది.

"ఇదేంటండీ?" అన్నాడు బేకరీ అతను.

"సరస్సు ఒడ్డున కూర్చోవద్దూ?"

"కూర్చోండి. మేం మీ చుట్టూ నిలబడి నోరు తెరుస్తాం."

కుర్చీ ఆగిపోయింది. బేకరీ అతని సంచిలోంచి రస్కు ప్యాకెట్లు సగం ఆగిపోయాయి. వాటిని పక్కకు తీసేటప్పుడు అతను ఒక్కొక్కదాన్నీ నిమిరాడు. కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టుందని మరదలు అక్కడ ఉంటే అనేది.

ఆయన సంచి కాటాకు తగిలిస్తుంటే డ్రైవరమ్మ దగ్గరికొచ్చింది. ముల్లు ఎక్కడాగిందో చూడనట్టే, తన సంచి భుజానికెత్తుకుని ఇటూ అటూ ఊగి చూసుకుంది.

"ఎడమకి లాగేస్తోంది బాబాయ్ నా సంచి. కుడిపక్క కాస్త బరువుండాలి. మీ దాంట్లో స్టవ్ ఉందిగా, అదిలా ఇవ్వండి. ఆ గిన్నె కూడా."

"లాగుతుంటే అలైన్‌మెంట్ చేయించవమ్మా," అన్నాడు డాక్టరు అటు నించి.

"డిపోలో పార్టులు లేవు సార్."

స్టవ్వూ గిన్నే ఆమె సంచి కుడి జేబులోకి పోయాయి. ఆయన తన సంచి ఎత్తుకుంటే భుజాలకు తేలిగ్గా ఉంది. పనికొచ్చే మనిషి పనికొచ్చే చోట ఉంటే ఎంత సుఖమో అనుకున్నాడు. అంతకుమించి ఆలోచించలేదు.

ఆదివారం తెల్లవారుతూనే ఊరి చివర నీళ్ళట్యాంకు దగ్గర కలిశారు. అక్కణ్ణించి గుట్ట మీది రేడియో టవరు దాకా కాలిబాట. మొదట్లో పొదలు, ఆ పైన గులకరాళ్ళు, ఆ పైన ఊపిరి పట్టి ఎక్కే ఏటవాలు. మూడు భాగాల బాట అది.

"నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందుంటే బాగుంటుంది," అంది డ్రైవరమ్మ. "వాళ్ళ అడుగే అందరి అడుగు."

"అలాగైతే ఎప్పటికి చేరతాం? నాయకుడు ముందుండాలి, లాక్కుపోవాలి," అన్నాడు డాక్టరు. ముందుకు సాగిపోయాడు.

అతని వెనక బేకరీ అతను, ఆ వెనక ఆయన, అందరికన్నా వెనక డ్రైవరమ్మ. బేకరీ అతను మొదటి మలుపు దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. పొద్దున్నే పొయ్యి దగ్గర లేకపోతే తన బన్నులు తనను తిట్టుకుంటూ ఉంటాయన్నాడు. గుట్టెక్కడం కంటే గుట్టని బేకరీకి తెప్పించుకోవడం చవకన్నాడు. పొదలు దాటాక ఒకటీ అరా మాటలే వచ్చాయి. గులకరాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయాయి. డాక్టరు అడుగులకు అడుగులు కలపాలని మెడ ముందుకు సాచి, పిడికిళ్ళు బిగించి ఎక్కుతున్నాడు. చెవుల వెనక ఎరుపు మెడంతా పాకింది. వెనకున్న ఆయనకు అతని ఊపిరి వినిపిస్తోంది. ఏదో అనాలనుకున్నాడు. అంటే అతను చిన్నబుచ్చుకుంటాడేమో.

"ఆగండాగండి!" డ్రైవరమ్మ గొంతు. "నా బూటులో రాయి పడింది."

"మళ్ళీ మొదలైంది," అన్నాడు డాక్టరు పైనుంచి. "యూటర్నమ్మ బండి రిపేరు!"

ఆమె బాట పక్క బండ మీద కూలబడింది. పక్కనే ఖాళీ ఉంటే ఆయనా కూర్చున్నాడు. బేకరీ అతను సంచి దించకుండానే చెట్టుకు చేరగిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు.

డ్రైవరమ్మ తాడు ముడి విప్పింది. అంతటితో ఊరుకోక, ఒక్కో కన్నంలోంచీ తాడు పూర్తిగా లాగేసింది. బూటు తీసింది, తిరగేసింది, అడుగున అరచేత్తో తట్టింది. కింద ఎండిన మన్ను. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఏమీ పడలేదు. ఇసక రేణువు కూడా రాలలేదు. చేయి లోపల పెట్టి తడిమింది. మళ్ళీ తట్టింది. మళ్ళీ ఏమీ పడలేదు. ఆమె చూపు బూటు మీద లేనే లేదు. బేకరీ అతని వీపు మీద ఉంది. ఆ వీపు ఎగసిపడుతోంది, కాసేపటికి కొద్దిగా తగ్గింది, ఇంకాస్త తగ్గింది. ఆమె మేజోడు కూడా తీసి దులిపింది.

బేకరీ అతను కళ్ళు తెరిచి మొహం తుడుచుకున్నాడు. "పెద్ద రాయే పడినట్టుందక్కా. తీసుకెళ్ళి ఇంటికి పునాది వేసుకో."

ఆ జోకు వినబడ్డాకే ఆమె తాడు కన్నాల్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది.

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. నిరుటి గట్టు గుర్తొచ్చింది. ఆ పూట పొద్దెక్కాక ఆయన నీళ్ళ సీసా మూత బిగించలేకపోయాడు. వేళ్ళకు పట్టు దొరకలేదు. ఛాతీలో ఏదో పెద్ద చెయ్యి పిండుతున్నట్టుంటే, ఎండదెబ్బ అనుకుని ఊరుకున్నాడు. డ్రైవరమ్మ "దాహమేస్తోంది బాబాయ్, ఇలా ఇవ్వండి" అని సీసా తీసుకుని ఒక గుక్క తాగి, తనే మూత బిగించి ఆయన సంచిలో పెట్టింది. ఆయన మొహంలోకి ఒకసారి చూసింది. ఆ తర్వాతే లోయలోకి దిగింది. ఆ తర్వాతే నీళ్ళు పొంగాయి.

దిగేటప్పుడు ఆయన కావాలనే వెనకబడ్డాడు. ఎప్పటిలా అందరి వెనకా ఆమె ఉంది.

"నీ బూటులో రాయి లేదమ్మాయ్."

ఆమె నాలుగడుగులు వేసింది. "మీ కళ్ళు మరీ పదునుగా ఉన్నాయి బాబాయ్. కళ్ళజోళ్ళు అమ్ముకునేవాళ్ళకి అంత చూపు మంచిది కాదు. బేరాలు పోతాయి."

"నిరుడు నదిలో నీళ్ళెంత ఉన్నాయి?"

ఈసారి ఇంకా ఎక్కువ దూరం నడిచారు. కింద నీళ్ళట్యాంకు కనబడుతోంది.

"మోకాలి కిందకే," అంది. "నీళ్ళు కాదు బాబాయ్ భయం. దాటాక ఆవలొడ్డున నిలువెక్కుడు. అక్కడ మీకేదైనా అయితే వెనక నది, మధ్యాహ్నానికి నిజంగానే పొంగేది. మీ పెదాల రంగు నాకు నచ్చలేదు."

"అప్పుడే చెప్పలేకపోయావా? నా వల్లే వెనక్కి వెళ్దామని అంటే సరిపోయేదిగా. ఏడాదంతా నీకీ మాటలెందుకు?"

ఆమె నవ్వింది. "మా బస్సులో కడుపులో తిప్పుతోందని ఎవ్వరూ చెప్పరు బాబాయ్. సిగ్గు. పళ్ళు బిగబట్టి కూర్చుంటారు. అద్దంలో చూసి నేనే పోల్చుకోవాలి. పోల్చుకుని, ఇంజన్ వేడెక్కిందని ఆపుతాను. అందరూ నన్ను తిడతారు, డిపోని తిడతారు, ఆ బండిని కొన్నవాణ్ణి తిడతారు. ఆ తిప్పినావిడ నెమ్మదిగా దిగి గాలి పీల్చుకుంటుంది. 'ఇదిగో ఈవిడ కోసం ఆపాను' అన్నాననుకోండి, ఆవిడ మళ్ళీ జన్మలో బస్సెక్కదు."

ఒకరి పరువు కోసం ఊరందరి చేతా తిట్టించుకుని, ఆ తిట్లకు తనే ముందు నవ్వే మనిషి పక్కన ఆయన నడుస్తున్నాడు. ఏడాదిగా ఆ మాటకు తనూ నవ్వాడు. ఎదురుగా కూర్చుని, ఆమె పోసిచ్చిన టీ తాగుతూ నవ్వాడు.

"నేను చెప్తాను వాళ్ళకి," అన్నాడు.

"వద్దు." ఆమె ఆగింది. మొదటిసారి గొంతులో నవ్వు లేదు. "చెప్తే నాకు పేరొస్తుంది, నిజమే. కానీ ఆ తర్వాత నేను ఎక్కడ ఆగినా 'ఈసారి ఎవరికోసం?' అని ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. ఇంక నా బూటులో రాయి పనిచెయ్యదు. ఒట్టెయ్యక్కర్లేదు గానీ, ఊరుకోండి బాబాయ్."

"మరి బుధవారం ఆయన్నే నాయకుణ్ణి చేస్తే?"

"చెయ్యనివ్వండి. మంచివాడే. కాళ్ళు ఉన్నాయి, గుండె ఉంది. వెనక్కి తిరిగి చూడ్డం అలవాటు లేదు, అంతే. వెనక నేనుంటానుగా."

"నాలుగు రోజుల దారిలో ఎన్నిసార్లని రాయి పడుతుంది తల్లీ?"

ఆమె సంచి పట్టీ బిగించుకుని మళ్ళీ దిగసాగింది.

సోమవారమంతా ఆయన షాపులో ఒకే అద్దాన్ని అరగదీస్తూ కూర్చున్నాడు. ఫ్రేములో కూర్చోబెట్టి చూస్తే వదులైంది. ఆ అద్దం పారేసి ఇంకోటి మొదలుపెట్టాడు. చెబితే ఆమె మాట జవదాటినట్టు. చెప్పకపోతే ఆ డాక్టరు వేగం వెనక బేకరీ అతను, తను. నది ఆవలొడ్డున నిలువెక్కుడు. తన సంగతి తాను ఒప్పుకుంటే మాత్రం మరదలు గడప దాటనివ్వదు. నీటికుక్కల ఈల ఇంక ఈ జన్మకు వినడు.

మంగళవారం సాయంత్రం మరదలు టమాటాలు తెచ్చింది. చక్రాల్లా కోసి ఓవెన్ పళ్ళెంలో పేరుస్తోంది. ఆయన పక్కన నిలబడి ఉప్పు చల్లుతున్నాడు.

"చల్లిన చోటే చల్లుతున్నారు బావా," అంది. "ఆ వరస సముద్రమైపోయింది. ఏంటి సంగతి?"

"ఏం లేదు. మనకోసం ఒకళ్ళు మాట పడుతున్నారనుకో. మనల్ని నోరెత్తొద్దన్నారు. అప్పుడేం చెయ్యాలి?"

మరదలు కత్తి ఆపింది. ఎవరు, ఏమిటని అడగలేదు. వాళ్ళ అక్కలాగే, అడగకూడని చోట ఆగడం ఆమెకు తెలుసు.

"ఎవరైనా బల్ల మోసుకుపోతుంటే మీరేం చేస్తారు? 'అయ్యో బరువు, దించేయ్' అని వీధంతా వినేలా అరుస్తారా? వెనక కొస పట్టుకుంటారు. మోసేవాళ్ళకి ఎవరు పట్టుకున్నారో కూడా తెలీక్కర్లేదు." మళ్ళీ కోయడం మొదలుపెట్టింది. "ఉప్పు చాలు. అడవిలో జింకలొచ్చి నాకుతాయి మిమ్మల్ని."

బుధవారం చీకటి పడకముందే అందరూ వచ్చారు. డాక్టరు కొత్త మ్యాపు తెచ్చాడు. దాని మీద ఎర్రరంగుతో నాలుగు రోజుల దారి గీసుకొచ్చాడు. గీత అందంగా ఉంది, ఎక్కడా తడబడలేదు. రెండో రోజు మధ్యాహ్నం నది.

"మధ్యాహ్నమా?" అంది డ్రైవరమ్మ.

"పొద్దున దాటాలంటే ముందురోజు గట్టు మీదే పడుకోవాలి. ఒక రోజు దండగ." డాక్టరు అందరి వైపూ చూశాడు. "సరే, పేరు ఖాయం చేద్దామా? రేపు చెక్‌పోస్టుకి చెప్పాలి."

బేకరీ అతను బల్ల మీది రస్కు ముక్కలు వేలితో ఒకచోటికి చేరుస్తున్నాడు. డ్రైవరమ్మ తల వంచుకుని మ్యాపు మూలన కళ్ళజోడు పెట్టె సర్దుతోంది. వంటింట్లో మరదలు కుళాయి విప్పిన చప్పుడు.

"నాకీ దారి కుదరదు డాక్టరుగారూ," అన్నాడు ఆయన.

"ఎందుకు మాస్టారూ? మీకు ఇష్టమైన నీటికుక్కల దగ్గరికేగా!"

"నడవలేను." ఆ మాట బయటికి రావడానికి ఆయన అనుకున్నంత కష్టం కాలేదు. "నిరుడు గట్టెక్కేసరికి నాకు ఊపిరందలేదు. ఛాతీ పట్టేసింది. నీళ్ళ సీసా మూత పెట్టుకోలేకపోయాను. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నది పొంగి ఉండకపోతే మీ వెంట దాటేసేవాణ్ణి. ఆ ఎక్కుడులో నాకేం జరిగేదో తెలీదు. మీరందరూ ఏడాది నించి ఆ నదిని తిట్టుకుంటున్నారు. నేను మాత్రం దానికి దణ్ణం పెట్టుకోవాలి."

వంటింట్లో కుళాయి ఆగిపోయింది.

డ్రైవరమ్మ తల ఎత్తలేదు. పెట్టె మూత తెరిచింది, మూసింది.

డాక్టరు నవ్వు మొహం మీద కాసేపు అలాగే నిలబడి, మెల్లగా దిగిపోయింది. కుర్చీలోంచి లేచి ఆయన పక్కకొచ్చి, అడక్కుండానే మణికట్టు పట్టుకున్నాడు. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు. "పళ్ళ డాక్టర్నే అయినా డాక్టర్నే కదండీ," అని గొణిగాడు. "ఎడమ చేతిలోకి నొప్పి పాకిందా?"

"కొంచెం."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు మాస్టారూ?"

"నన్ను వదిలేసి వెళ్తారేమోనని."

డాక్టరు చెయ్యి వదల్లేదు. బేకరీ అతను గొంతు సవరించుకున్నాడు. రస్కు ముక్కల్ని చూస్తూ అన్నాడు:

"ఎలాగూ పెద్దాయనే చెప్పారు కాబట్టి... మొన్న గుట్ట మీద నాకూ కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. పగటి పూట. ఇంకో పదడుగులేసుంటే పడేవాణ్ణి. అక్క బూటులో రాయి పడబట్టి బతికాను గానీ. డాక్టరుగారూ, మీరు మనుషుల్లా నడవరు, పళ్ళు పీకినట్టు నడుస్తారు."

ఎవరూ నవ్వలేదు. డాక్టరు నెమ్మదిగా తల తిప్పి డ్రైవరమ్మను చూశాడు. ఆమె పాదాల వైపు చూశాడు. ఎర్రగీత నది దాటేచోట అతని చూపు చాలాసేపు ఆగింది. ఏమనుకున్నాడో ఆయనకు తెలియలేదు. తర్వాతెప్పుడూ అడగలేదు. డాక్టరు తన కొత్త మ్యాపును చుట్టి కుర్చీ పక్కన నిలబెట్టాడు. కిందున్న పాత మ్యాపును రెండు చేతులతో డ్రైవరమ్మ ముందుకు జరిపాడు.

"అయిదు రోజుల దారి అన్నావు కదమ్మా, ఒకసారి చూపించు," అన్నాడు. ఆ రోజు నించి ఆమెను యూటర్న్ అనలేదు.

డ్రైవరమ్మ జేబులోంచి దారం తీసి తడిపింది. మొదటి రోజు సరస్సు దాకా పోయి ఆగింది. రెండో రోజు ఎండ తగ్గకముందే దారం ఆగిపోయింది. ఆ రాత్రి గట్టు మీద పడక. మూడో రోజు తెల్లవారుతూనే నది. దారి వంకర తిరిగిన ప్రతిచోటా దారమూ తిరిగింది.

"ముందు ఎవరు నడుస్తారు?" అన్నాడు డాక్టరు.

"బన్నుల తమ్ముడు."

"నేనా!" బేకరీ అతను ఉలిక్కిపడ్డాడు. "నా వెనక నడిస్తే ఊరు చేరేసరికి పండగలు మారిపోతాయి."

"అందుకే అయిదు రోజులు. తమ్ముడి వెనక మీరు డాక్టరుగారూ. పొడుగు కాళ్ళు మీవి, ఎవరైనా జారితే అందుకోవాలి. వెనక నేను." ఒక్క క్షణం ఆగింది. "బాబాయ్ మన మధ్యలో, గుండె డాక్టరు సరేనంటే."

"సరేనంటేనే," అంది మరదలు గుమ్మంలోంచి. తడి చేతులు కొంగుకు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది, నీళ్ళు నేల మీద పడుతున్నాయి. ఆయన తిట్లకు సిద్ధపడ్డాడు. ఆమె తిట్టలేదు. వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. "రేపు పొద్దున్నే వెళ్దాం. షాపు మూసేయండి. కాదన్నారంటే ఇక్కడే ఉండి నాతో టమాటాలు తరుగుతారు. నీటికుక్కల సంగతి వీళ్ళొచ్చి చెప్తారు. సరేనా?"

"సరే," అన్నాడు ఆయన. తన వాటా నీటికుక్కలు అప్పటికే సగం దూరమైనట్టు అనిపించింది. అయినా, వింతగా, గుండె బరువుగా లేదు.

"నేను ఈల నేర్చుకుని వచ్చి వేసి వినిపిస్తాను పెద్దాయనా," అన్నాడు బేకరీ అతను. "పిండి నోట్లో ఉన్నప్పుడు కాకుండా."

పేరు ఎవరూ ప్రత్యేకంగా అడగలేదు. డాక్టరు ఫోను తీసి పక్కకెళ్ళి చెక్‌పోస్టుతో మాట్లాడి వచ్చాడు. నాయకురాలు అని చెప్పడం గదిలోకి వినిపించింది. తర్వాత మరదల్ని వాళ్ళింటి దగ్గర దింపుతానని తీసుకెళ్ళాడు. బేకరీ అతను తెల్లారి పిండి కలపాలంటూ మిగిలిన రస్కులన్నీ బల్ల మీదే వదిలేసి పోయాడు. అది అతని లెక్కలో పెద్ద కానుక.

డ్రైవరమ్మ మ్యాపు చుట్టడానికి ఆగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె ఏదైనా అడుగుతుందేమో. ఎందుకు చెప్పారు బాబాయ్, నోరు మూసుకోమన్నానుగా అంటుందేమో. లేదా థాంక్స్ అంటుంది, దానికి తను ఏదో ఒకటి అనాలి. అప్పుడు ఇద్దరి మధ్యా ఉన్నది మాటల్లోకి వచ్చేస్తుంది, వచ్చాక మళ్ళీ లోపలికి పోదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

కాగితం చుట్టుకుంటున్న చప్పుడు. గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టిన చప్పుడు.

"బాబాయ్," అంది మెల్లగా.

ఆయన ఊపిరిని ఒక్క తీరుగా తీసుకున్నాడు, నిద్రపోయేవాడిలా.

ఆమె దగ్గరికొచ్చింది. ఆయన ముక్కు మీది కళ్ళజోడు రెండు వేళ్ళతో, చెవులకు తగలకుండా, పైకెత్తింది. మడిచింది. ఆయన చెయ్యి చాపితే అందేచోట బల్ల మీద పెట్టింది. కాసేపు అక్కడే నిలబడింది. ఆమెకు తెలిసిపోయిందో లేదో ఆయనకు అంతుపట్టలేదు. ఎవరు మగతలో ఉన్నారో, ఎవరు ఓర్చుకుంటున్నారో అద్దంలో చూసి పోల్చుకునే మనిషి ఆమె. తెలిసే ఉంటుంది. తెలియనట్టే పెద్ద దీపం ఆర్పి, చిన్నది ఉంచింది. షాపు గదిలోకి నడిచింది, అద్దాల అలమారాల మధ్య నించి.

తలుపు దగ్గర ఆగి, గడియ చప్పుడు కాకుండా పిడి ముందే తిప్పి పట్టుకుంది. బయటికి దాటి, తలుపును తన వైపుకు మెల్లమెల్లగా లాక్కుంది. చెక్క చెక్కను తాకింది. పిడి తన చోటికి తను తిరిగింది.